షుగరు ఉన్నవాళ్లు కాళ్ల రక్తప్రసరణనూ కిడ్నీనీ కలిపి చూసుకోవడం ఎలా?

"కాళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటున్నాయి. ఈమధ్య క్రియాటినిన్ కూడా పెరిగింది. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?" షుగరు ఉన్న ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఇది. క్రియాటినిన్ అంటే కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం. సంబంధం ఉంది. అది ముందు రెండు ముక్కల్లో చెప్పి, తర్వాత ఏం చేయాలో వరుసగా చెబుతాను.

షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల్లో ఇది జరిగితే అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది. కాలి ధమనుల్లో జరిగితే కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. షుగరు ఉన్నవాళ్లలో మోకాలి కింది నాళాలు ఎక్కువగా మూసుకుపోతుంటాయి. కిడ్నీ బలహీనపడ్డాక కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పి ధమనుల గోడల్లో కాల్షియం చేరుతుంది, అవి గట్టి గొట్టాల్లా తయారవుతాయి. అంటే కిడ్నీ జబ్బు కాలిని ఇంకా పాడుచేస్తుంది. కాలినొప్పికి మింగే బిళ్లలు, కాలి స్కాన్‌కు ఎక్కించే డై తిరిగి కిడ్నీ మీద పడతాయి.

చిక్కల్లా ఏమిటంటే కాలిని ఒక డాక్టరు చూస్తారు, కిడ్నీని ఇంకొకరు చూస్తారు. ఒకరు రాసింది రెండోవారికి తెలియదు. ఆ రెండింటినీ కలిపి పెట్టుకోవాల్సింది మనమే.

1. ముందు ఒకే ఫైలు తయారుచేసుకోండి

షుగరు ఫైలు, కిడ్నీ ఫైలు, కాలి ఫైలు అని విడివిడిగా వద్దు. ఒకే ఫైలు చాలు, అందులో మొదటి కాగితం మీద ఇవి ఉండాలి:

☐ చివరి మూడు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె, తగ్గితే కిడ్నీ బలహీనపడినట్టు), క్రియాటినిన్ అంకెలు, తేదీలతో సహా
☐ యూరిన్ ఏసీఆర్ (అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి)
☐ పొటాషియం, హిమోగ్లోబిన్
☐ హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు), ఇంట్లో చూసుకున్న షుగరు, బీపీ
☐ కాళ్ల ఏబీఐ పరీక్ష (చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చేది) చేసి ఉంటే రెండు కాళ్ల అంకెలు
☐ వాడుతున్న ప్రతి మందు, మోతాదు. మీరే కొనుక్కుని వేసుకునే నొప్పి బిళ్లలూ రాయాలి
☐ కాలికి ఎప్పుడైనా పుండు పడిందా, వేలు తీశారా అన్నది

ఒక్కసారి వచ్చిన అంకె కన్నా అది ఎటు పోతోందన్నది ముఖ్యం. ఈజీఎఫ్ఆర్ 58 అంటే పెద్దగా అర్థం కాదు. 74, 66, 58 అని వరుసగా కనిపిస్తే డాక్టరు ఆగి చూస్తారు.

2. ఇంట్లో కాళ్లు చూసుకునే వరుస

పగటి వెలుతురులో కూర్చుని సాక్సులు తీసి 5 నిమిషాలు ఆగండి. తర్వాత ఈ వరుసలో వెళ్లండి. చూడటం రోజూ చేయాలి, మిగతావి నెలకోసారి చాలు.

చూడటం. పైన, అరికాలు, మడమ, వేళ్ల మధ్య. అరికాలు కనిపించకపోతే కింద అద్దం పెట్టుకోండి, చూపు సరిగా లేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. పగుళ్లు, బొబ్బలు, నల్లబడిన చోటు, చీము, ఆనెకాయ. పిక్కల మీద వెంట్రుకలు రాలిపోయి చర్మం నున్నగా మెరుస్తోందేమో కూడా గమనించండి. చామనఛాయ, నలుపు చర్మం మీద రంగు మార్పు పైభాగంలో సరిగా తెలియదు, అరికాలు చూడాలి. పడుకుని కాలు పైకెత్తి నిమిషం ఉంచితే అరికాలు తెల్లగా పాలిపోయి, కిందకి వేలాడేస్తే ముదురు ఎరుపుకు తిరుగుతోందా? అది ధమనిలో అడ్డు ఉందని చెప్పే గుర్తు.

తాకడం. అరచేతి వెనకవైపుతో రెండు పాదాల వేడీ పోల్చండి. రెండూ చల్లగా ఉంటే అది వాతావరణం కావచ్చు. ఒకటి మాత్రమే చల్లగా ఉంటే రక్తం తగ్గిందేమోనని అనుమానించాలి. ఒకటే వేడిగా, వాపుగా ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఎముకలు లోపల దెబ్బతింటూ ఉండవచ్చు. ఏదైనా సరే డాక్టరుకు చూపించాలి.

నాడి. బొటనవేలు పైకెత్తితే పాదం మీద తాడులా ఒకటి పొడుచుకొస్తుంది. దాని పక్కన, చిటికెనవేలు వైపు, పాదం మధ్యలో మూడు వేళ్లు మెల్లగా ఆనించండి. రెండో చోటు చీలమండ లోపలివైపు ఎముక వెనక. మీ బొటనవేలితో పట్టుకోవద్దు, దాని నాడే మీకు తెలుస్తుంది. పాదం పైన నాడి కొందరికి పుట్టుకతోనే దొరకదు, కాబట్టి అదొక్కటే దొరక్కపోతే టెన్షన్ పడక్కర్లేదు. రెండు చోట్లా దొరక్కపోతే ఏబీఐ చేయించాలి.

స్పర్శ. దీనికి ఇంకొకరు కావాలి. కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. మొత్తం ఆరు చోట్లలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

మా నాన్నగారికి మొదటిసారి ఇది చేసినప్పుడు కుడికాలు మూడు వేళ్లూ అయిపోయాయి, ఎడమకాలిలో రెండోదాని మీద ఉన్నాను. ఆయన కళ్లు మూసుకునే "మొదలుపెట్టరా, ఎంతసేపు?" అన్నారు. అప్పటిదాకా ఆయనకు కాళ్లలో ఏ బాధా లేదని మేమంతా సంతోషంగా ఉన్నాం.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రక్తం చాలకపోతే నడిచినప్పుడు పిక్క పట్టేయాలి, ఆగితే తగ్గాలి. కానీ షుగరు నరాలను కూడా దెబ్బతీస్తే ఆ నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి రక్తప్రసరణ బాగుందనుకోకండి.

3. కిడ్నీకి రెండు పరీక్షలు, ఒకటి కాదు

"క్రియాటినిన్ నార్మల్ వచ్చింది, కిడ్నీలు బాగున్నాయి" అన్నమాట సగమే నిజం. అల్బుమిన్ కారడం మొదలైన చాలా ఏళ్ల వరకు క్రియాటినిన్ మామూలుగానే ఉండొచ్చు. అందుకే రెండూ ఉండాలి:

• యూరిన్ ఏసీఆర్: గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే కారడం మొదలైంది. 300 దాటితే ఎక్కువగా కారుతోంది.
• ఈజీఎఫ్ఆర్: 60 కన్నా తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఈజీఎఫ్ఆర్ బాగానే ఉన్నా అల్బుమిన్ మూడు నెలలకు పైగా పోతుంటే అదీ కిడ్నీ జబ్బే.

టైప్ 2 షుగరు బయటపడిన రోజు నుంచే ఏడాదికోసారి ఇవి చేయించాలి. టైప్ 1 అయితే అయిదేళ్ల తర్వాత నుంచి.

మూత్రం ఉదయం లేవగానే పోసేది ఇస్తే మంచిది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే అంకె పెరిగి చూపిస్తుంది, అప్పుడు వాయిదా వేసుకోండి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని బెంగపడొద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎక్కువ రావాలి, అప్పుడే ఖాయం చేస్తారు.

కాలితో ముడిపడిన ఒక తిరకాసు ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. నడక తగ్గి కాళ్లు సన్నబడినవాళ్లలో, కాలు తీసేసినవాళ్లలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువగా ఉంటుంది, కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లు కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష గురించి డాక్టరును అడగాలి.

మూత్రంలో అల్బుమిన్ ఖాయమైందంటే అది కిడ్నీ వార్త మాత్రమే అనుకోవద్దు. సన్నటి నాళాలు దెబ్బతిన్నాయని చెబుతోంది కాబట్టి, కాళ్లలో ఏ బాధా లేకపోయినా ఏబీఐ చేయించే విషయం డాక్టరుతో మాట్లాడండి.

4. ఏబీఐ: చేయించేటప్పుడు, చదివేటప్పుడు

ఇది చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష. సూది లేదు, డై లేదు, కిడ్నీకి ఏ ఇబ్బందీ లేదు. వెల్లకిలా పడుకుని 5 నుంచి 10 నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాకే మొదలుపెట్టాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే కఫ్ చుట్టేస్తే అంకె తప్పుతుంది. పరీక్షకు ముందు పొగ తాగకూడదు.

లెక్క ఇది. రెండు చేతుల్లో ఎక్కువగా ఉన్న పై బీపీ 140 అనుకోండి. కుడి చీలమండ దగ్గర 105 వచ్చింది. 105ను 140తో భాగిస్తే 0.75.

• 0.90 లేదా తక్కువ: ధమనిలో అడ్డు ఉంది
• 0.91 నుంచి 0.99: అంచున ఉంది
• 1.00 నుంచి 1.40: మామూలు
• 1.40 పైన: ఈ పరీక్షను నమ్మడానికి లేదు

చివరి గీత దగ్గర ఆగండి. చీలమండ దగ్గర 210, చేతిలో 140 వస్తే నిష్పత్తి 1.5. "అబ్బో, చేతిలోకన్నా కాలిలోనే ఒత్తిడి బాగుంది" అనిపిస్తుంది. నిజానికి ధమని గోడల్లో కాల్షియం పేరుకుపోయి కఫ్ ఎంత బిగించినా నాళం నొక్కుకోవడం లేదు. షుగరు, కిడ్నీ జబ్బు కలిసి ఉన్నవాళ్లలో ఇది మామూలే. గోడలు కాస్త గట్టిపడితే, అడ్డు ఉండి కూడా 1.1 లాంటి మామూలు అంకె రావచ్చు.

దీనికి విరుగుడు బొటనవేలి దగ్గర బీపీ కొలవడం. వేలి సన్నటి నాళాల్లో కాల్షియం అంతగా చేరదు. ఆ నిష్పత్తి 0.70 కన్నా తక్కువైతే రక్తం తగ్గినట్టు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఏబీఐకి వెళ్లినప్పుడు "వేలి ప్రెషర్ కూడా చూస్తారా?" అని ముందే అడగండి. ఆ సౌకర్యం లేకపోతే డాప్లర్ స్కాన్‌లో రక్తం పారే తీరు చూస్తారు.

5. డై ఎక్కించే స్కాన్ రాశారా? ముందు ఇవి చూడండి

అడ్డు ఎక్కడుందో తేల్చడానికి మొదట డాప్లర్ చాలు, అది అల్ట్రాసౌండే. సీటీ యాంజియో, మామూలు యాంజియో దాకా వెళ్తే అయోడిన్ డై వాడతారు. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నవాళ్లకు దీనితో ముప్పు ఎక్కువ. బుక్ చేసేముందు:

☐ ఇటీవలి ఈజీఎఫ్ఆర్ స్కాన్ చేసేవారికి చూపించారా?
☐ మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగారా? ఈజీఎఫ్ఆర్ తక్కువైతే స్కాన్ సమయానికి ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ చూసి మళ్లీ మొదలుపెడతారు
☐ ముందూ వెనకా సెలైన్ అవసరమా? గుండె బలహీనంగా ఉంటే అది కూడా చెప్పాలి
☐ ఆ వారంలో నొప్పి బిళ్లలు ఏవీ వేసుకోలేదు కదా?
☐ తర్వాత క్రియాటినిన్ ఏ రోజు చూడాలి?

ఇంకో పక్కకు కూడా పొరపాటు జరుగుతుంది. కిడ్నీ పాడవుతుందని భయపడి, పుండు నల్లబడుతున్నా యాంజియో వద్దని వారాలు గడిపేస్తారు. కాలు పోయే పరిస్థితి ఉంటే డై తగ్గించి చేసే పద్ధతులున్నాయి, కాళ్ల నాళాలకు డై బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో తీసే యాంజియో కూడా ఉంది. కిడ్నీ డాక్టరు, రక్తనాళాల సర్జన్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి.

6. మందుల చీటీ: ఒకదానికి మేలు, ఇంకోదానికి కీడు

నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. బీపీకి టెల్మిసార్టన్ లేదా రామిప్రిల్, వాటితోపాటు మూత్రం బిళ్ల వాడేవాళ్లు ఇవి వేసుకుంటే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. కాలు నొప్పికి రోజూ ఒకటి వేసుకుంటూ "చిన్న బిళ్లే కదా" అని డాక్టరుకు చెప్పనివాళ్లు చాలామంది.

నరాల నొప్పి మందులు. ప్రెగబాలిన్, గాబాపెంటిన్ కిడ్నీ ద్వారానే బయటకు పోతాయి. ఈజీఎఫ్ఆర్ తగ్గితే మోతాదు తగ్గించాలి. లేకపోతే మత్తు, తూలడం, కాళ్లూ చేతులూ అదరడం.

బీపీ మందులు. అల్బుమిన్ కారుతుంటే టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి కిడ్నీని కాపాడతాయి. మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, 30 శాతం లోపు అయితే సాధారణంగా ఆపరు. అంతకన్నా ఎక్కువ ఎగబాకితే కిడ్నీ ధమనిలోనూ ఇరుకు ఉందేమో చూడాలి. కాలి ధమనులు మూసుకున్నవాళ్లలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. కొన్ని వారాల్లో క్రియాటినిన్, పొటాషియం తిరిగి చూపించుకోవడం మర్చిపోవద్దు. బీపీ లక్ష్యం చాలామందికి 130/80 లోపు.

షుగరు మందులు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి. కాలికి పుండు ఉంటే, కాలికి ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి, వీటిని కొన్ని రోజులు ఆపాల్సి రావచ్చు. సెమాగ్లూటైడ్ మీద 2024లో వచ్చిన ఫ్లో అధ్యయనం కిడ్నీకి మేలు చూపించింది, 2025లో వచ్చిన స్ట్రైడ్ అధ్యయనంలో కాలి ధమనుల జబ్బు ఉన్నవాళ్లు నడవగలిగిన దూరం పెరిగింది. ఒకే మందు రెండు చోట్లా పనికిరావడం ఆశ్చర్యమేం కాదు, జబ్బు మూలం ఒకటే కదా. అయితే అందరికీ సరిపడే మందు కాదు, కంటి పరీక్ష చేయించుకుని డాక్టరుతో మాట్లాడాలి.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు), ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చూసేవి) రాసి ఉంటే "కిడ్నీకి మంచిది కాదేమో" అని సొంతంగా ఆపకండి.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్న రోజున మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ రకాలు, మూత్రం బిళ్ల, టెల్మిసార్టన్ లాంటివి తాత్కాలికంగా ఆపాలా అని అదేరోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ జాబితా డాక్టరు చేత ముందే రాయించుకుని ఫైలులో పెట్టుకుంటే ఇంకా మేలు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇంకో మాట. ఏళ్లుగా అదుపులోకి రాని షుగరు ఈమధ్య దానంతట అదే దిగుతోందా? సంబరపడకండి. కిడ్నీ నీరసిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగరు పడిపోతుంది. రక్తహీనత కూడా తోడైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అప్పుడు ఇంట్లో మీటరుతో చూసిన అంకెలే ఎక్కువ నమ్మదగినవి.

7. నడక: నొప్పి దాకా, ఆపై విశ్రాంతి

పుండు లేనివాళ్లకు, విశ్రాంతిలో కాలు నొప్పి లేనివాళ్లకు నడక మందుతో సమానం. పిక్క నొప్పి ఓ మోస్తరుగా వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఆగిన సమయంతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడుసార్లు, మూడు నెలలు. రెండు వారాలకే తేడా కనిపించలేదని మానేయడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. ఛాతీలో బరువు, ఆయాసం వస్తే ఆపేసి డాక్టరును కలవండి. పొగతాగే అలవాటుంటే మాత్రం ముందు అది మానాలి, లేకపోతే ఎంత నడిచినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

8. కాళ్ల వాపుకు బిగుతు సాక్సులు: తొందరపడొద్దు

కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతుంటే కాళ్లు వాస్తాయి. వాపు చూడగానే ఎవరో ఒకరు బిగుతు సాక్సులు వేసుకోమంటారు. లోపల ధమని మూసుకుని ఉంటే, ఉన్న కాస్త రక్తాన్ని ఆ బిగుతు ఆపేస్తుంది, చర్మం చచ్చిపోతుంది. ఏబీఐ చూడకుండా, అది 1.40 పైన వస్తే వేలి ప్రెషర్ చూడకుండా అవి వేసుకోవద్దు.

వాపుకు వేరే కారణాలు కూడా వెతకాలి. ఆమ్లోడిపిన్, ప్రెగబాలిన్ వల్ల కూడా కాళ్లు వాస్తాయి. గుండె బలహీనమైనా వాస్తాయి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉంచండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో అదేరోజు చూపించాలి.

పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టగానే పాదం నొప్పి పెరిగి, మంచం మీంచి వేలాడేస్తే తగ్గుతోందా? అది రక్తం బాగా తగ్గిన కాలు. దిండు పెట్టే ప్రయత్నం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

9. ఆగకూడని సందర్భాలు

వెంటనే, గంటల్లో ఆసుపత్రికి:

☐ ఒక కాలు ఉన్నట్టుండి నొప్పిగా, చల్లగా, పాలిపోయి, తిమ్మిరెక్కి, కదపలేకుండా అయితే
☐ పుండుతోపాటు జ్వరం, చలి, ఎరుపు పైకి పాకడం, దుర్వాసన, నల్లబడటం
☐ మూత్రం బాగా తగ్గిపోవడం, ఆయాసం, మగతగా ఉండటం

ఒకటి రెండు రోజుల్లో: ఎంత చిన్నదైనా కొత్త పుండు, బొబ్బ. "ఆయింట్‌మెంట్ రాసి వారం చూద్దాం" అనకండి. రక్తం అందని చోట ఆయింట్‌మెంట్ పుండును మాన్పలేదు.

10. డయాలసిస్ మొదలైనవాళ్లకు

డయాలసిస్‌లో ఉండి, పాదాల్లో స్పర్శ తగ్గినా, కాలి ధమనుల జబ్బు ఉన్నా వాళ్లది అన్నిటికన్నా ఎక్కువ ముప్పు ఉన్న కాళ్ల జాబితా. వాళ్ల పాదాలను ప్రతి ఒకటి నుంచి మూడు నెలలకోసారి శిక్షణ ఉన్నవాళ్లు చూడాలి.

వారానికి మూడుసార్లు గంటల తరబడి కుర్చీలో కదలకుండా ఉండటంతో మడమలు నొక్కుకుపోయి పుండ్లు పడతాయి. పిక్కల కింద మెత్తటి దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూసుకోండి. డయాలసిస్ మధ్యలో బీపీ పడితే కాళ్లకు రక్తం ఇంకా తగ్గి చల్లబడతాయి, అప్పుడు వేడినీళ్ల సంచి అడగొద్దు, కాలినా తెలియదు. దుప్పటి కప్పమనండి. ఒంట్లో నీరు పెరిగి తగ్గుతూ ఉంటుంది కాబట్టి నిన్న సరిపోయిన చెప్పు ఇవాళ ఒరుసుకోవచ్చు, రెండు సందర్భాల్లోనూ వేసి చూసుకోండి.

నెలలో ఒక రోజు ఖాయం చేసుకుని, సూది పెట్టేముందే సాక్సులు తీసేసి కూర్చోండి. "ఒక్కసారి నా పాదాలు చూడమ్మా" అని నర్సును అడగండి. సాక్సులు వేసుకుని ఉంటే ఎవరూ అడిగి విప్పించరు.